బైబిలు తెరవాలంటే భయమేస్తోంది

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. తెనాలి దగ్గర ఒక ఊళ్లో టీచర్‌గా చేస్తున్నాను. మావారు కిడ్నీలు పాడై మూడేళ్లు డయాలసిస్ మీద ఉండి, 14 నెలల కిందట ప్రభువునందు నిద్రించారు. ఆ మూడేళ్లూ నేను శుక్రవారం ఉపవాసం మానలేదు. సంఘమంతా ప్రార్థించింది. 'జబ్బుపడిన హిజ్కియా రాజుకు పదిహేనేళ్లు ఆయుష్షు పెంచిన దేవా' అంటూ మంచం చుట్టూ నిలబడి ప్రార్థన చేశారు. ఆయన దక్కలేదు. ఇప్పుడేమో స్త్రీల కూడికలో 'విశ్వాసం ఉంటే బతికేవాడే' అంటున్నారు. మామగారు ఎప్పుడో పోయారు, అత్తయ్య నాతోనే ఉంటారు. రాత్రి కుటుంబ ప్రార్థన అయ్యాక 'నీ ప్రార్థనలో బలం లేకపోయింది' అని నిట్టూరుస్తారు. ఆదివారం చర్చికి వెళ్తాను, పిల్లలకు పాటలు నేర్పుతాను. ఇంటికొస్తే ఒక్క మాట ప్రార్థన రాదు. ఏడాదిలో బైబిలు పూర్తిచేసే క్యాలెండర్ మొదలుపెట్టి ఫిబ్రవరిలోనే ఆగిపోయాను. ఆయన బైబిలు ఆస్పత్రి నుంచి తెచ్చిన రోజు ఎలా ఉందో అలాగే జిప్పు కవర్లో బీరువా మీద ఉంది. ఆ హిజ్కియా కథ ఉన్న యెషయా 38 దగ్గర ఆయన పెట్టుకున్న డయాలసిస్ చీటీ అంచు బయటికి కనిపిస్తుంటుంది. దాన్ని తీయాలంటే భయం. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తుంది. నేనూ ఆయన దగ్గరికి వెళ్లిపోతే బాగుండు అనిపిస్తుంది. అబ్బాయి హైదరాబాద్‌లో చదువుకుంటున్నాడు, వాడికివేవీ చెప్పలేదు. దేవుడికి దూరమైపోయానా, నా రక్షణ పోయిందా? మళ్లీ ప్రార్థన చేయడం ఎలా?

జవాబు: అమ్మా, ఉత్తరం చివర్లో మాటల్లో మాటగా రాసిన ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. 'ఆయన దగ్గరికి వెళ్లిపోతే బాగుండు' అన్నారు. ముందు దాని గురించి మాట్లాడుకుందాం. ఆ ఆలోచన ఎప్పుడో ఒకసారి వచ్చి పోతోందా, రోజూ వస్తోందా, ఎలా వెళ్లాలా అన్నంతదాకా పోతోందా? అంతదాకా పోతుంటే ఈ ఉత్తరం పక్కన పెట్టి ఇప్పుడే మీ అబ్బాయికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పండి. 14416కి కూడా చేయండి. అది మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన ఫోన్ సేవ, టెలీ మానస్. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రయినా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. అంత దూరం పోకపోయినా, ఇన్ని నెలల తర్వాత కూడా నిద్ర మూడింటికే తెగిపోతోందంటే సైకియాట్రిస్టును ఒకసారి కలవాల్సిందే. దీన్ని అవిశ్వాసం అనుకోకండి. మీవారికి డయాలసిస్ చేయిస్తూనే ప్రార్థన కూడా చేశారు కదా, ఇదీ అంతే.

ఏలీయా ప్రవక్త కూడా ఒక చెట్టు కింద కూలబడి 'ఇంతమట్టుకు చాలును, నా ప్రాణము తీసికొనుము' అన్నాడు. మొదటి రాజులు 19వ అధ్యాయం మీకు తెలిసిందే. దేవుడు ఆయన్ని మందలించలేదు, విశ్వాసం గురించి పాఠం చెప్పలేదు. నిద్రపోనిచ్చాడు. దూత లేపి, నిప్పుల మీద కాల్చిన అప్పం, బుడ్డిలో నీళ్లు ఇచ్చాడు. మళ్లీ పడుకోనిచ్చి, మళ్లీ లేపి తినమన్నాడు. కొండ దగ్గర దేవుని స్వరం వినబడింది ఆ తర్వాతే. మీరు మధ్యాహ్నం బాక్సు ఖాళీ చేస్తున్నారో లేదో నాకు తెలియదు. చేయండి.

రక్షణ సంగతి ఎక్కువ సాగదీయను. పోలేదు. ప్రార్థన చేయలేకపోతున్నానని ఏడుస్తున్న మనిషి దేవుణ్ని వదిలేసిన మనిషి కాదు.

ఇక 'విశ్వాసం ఉంటే బతికేవాడే' అన్న మాట. ఇది విన్నప్పుడు నాకు నిజంగా కోపం వచ్చింది. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు ప్రభువు 'ఈ గిన్నె నాయొద్దనుండి తొలగిపోనిమ్ము' అని ప్రార్థించాడు. మత్తయి సువార్త ప్రకారం మూడోసారి కూడా ఆ మాటలే చెప్పి ప్రార్థించాడు. ఆ గిన్నె, అంటే ఆ శ్రమ, తొలగలేదు. ఆయన ప్రార్థనలో బలం లేదని ఏ సంఘంలోనైనా ఎవరైనా అంటారా? మరి మీ విషయంలో ఎలా అంటారు? హిజ్కియాకు పదిహేనేళ్లు ఇచ్చి మీవారికి ఎందుకు ఇవ్వలేదని మీరు అడిగితే నా దగ్గర జవాబు లేదు. జవాబు ఉందని చెప్పేవాళ్ల దగ్గరికి కొన్నాళ్లు వెళ్లకపోయినా ఫరవాలేదు. కూడికకు ఒకటి రెండు నెలలు విరామం ఇస్తే ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు.

కానీ ఆ యెషయా 38లోనే మీకొకటి చూపించాలనుంది. అందరూ ఐదో వచనం, ఆ పదిహేనేళ్ల మాట చదివి ఆగిపోతారు. కొంచెం కిందికి, 14వ వచనానికి రండి. జబ్బులో ఉన్నప్పుడు తన పరిస్థితి ఎలా ఉందో హిజ్కియా చెప్పుకుంటాడు: 'గువ్వవలె మూల్గితిని'. ఈ 'మూల్గితిని' అన్నచోట హీబ్రూలో ఉన్న క్రియ హగా. ఒకటో కీర్తనలో 'దివారాత్రము దానిని ధ్యానించువాడు' అంటామే, ఆ ధ్యానించడం కూడా హగాయే. లోగొంతుతో గొణుక్కోవడం, మూలగడం అని దాని అర్థం. మన తెలుగులో ధ్యానం అనగానే కళ్లు మూసుకుని ప్రశాంతంగా కూర్చున్న మనిషి గుర్తొస్తాడు. మీరేమో ఆ ప్రశాంతత రావడం లేదు కాబట్టి ధ్యానం చేయలేనని తేల్చేసుకున్నారు. మూడింటికి మెలకువ వచ్చి దిండు మీద మీరు మూలిగే మూలుగు ఆ మాటకు దూరం కాదమ్మా. రోమా పత్రిక 8వ అధ్యాయంలో పౌలు పరిశుద్ధాత్మ గురించి చెప్పేటప్పుడు కూడా 'ఉచ్చరింపశక్యముకాని మూలుగులతో' అనే రాశాడు.

అందుకని ముందు ఆ క్యాలెండర్ గోడ మీంచి తీసేయండి. బైబిల్లో 1189 అధ్యాయాలు ఉన్నాయి. ఏడాదిలో పూర్తవ్వాలంటే రోజుకు మూడుకు పైగా చదవాలి. ఒక వారం తప్పితే ఇరవై రెండో ఇరవై మూడో బాకీ. ఇప్పుడు మీకు బాకీలు వద్దు. ఆరే ఆరు వచనాలున్న 13వ కీర్తన చాలు. 'యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?' అని మొదలవుతుంది. స్కూలు నుంచి వచ్చి, కాఫీ తాగి, పది నిమిషాలు కూర్చుని బయటికి వినబడేలా నెమ్మదిగా చదవండి. రెండోసారి చదివేటప్పుడు ఏదో ఒక మాట దగ్గర గొంతు పట్టేస్తుంది. అక్కడ ఆగిపోండి. ఆ మాటనే నాలుగైదుసార్లు గొణుక్కోండి. 12వ శతాబ్దంలో గిగో అనే సన్యాసి దీన్ని అన్నం తినడంతో పోల్చాడు. చదవడమంటే ముద్ద నోట్లో పెట్టుకోవడం, ధ్యానమంటే నమలడం, ప్రార్థన చేస్తే దాని రుచి తెలుస్తుంది అన్నాడు. మనం చాలామందిమి నమలకుండా మింగేస్తున్నాం.

ఆ తర్వాత దేవుడితో మాట్లాడేటప్పుడు 'కృపగల తండ్రీ, ఘనత వహించిన దేవా' అన్న ప్రార్థన భాష పక్కన పెట్టండి. ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడండి. 'ప్రభువా, ఇవాళ బట్టలు సర్దుతుంటే ఆయన నీలం చొక్కా కనిపించింది, కూలబడిపోయాను' అంటే చాలు. అడగాలనిపిస్తే అడగండి, నిలదీయాలనిపిస్తే నిలదీయండి. వారమంతా అదే కీర్తన. తర్వాతి వారం 88. అది కాస్త కష్టమైన కీర్తనే, కానీ మీకు తోడుంటుంది. దుఃఖంతో మొదలయ్యే కీర్తనలు చాలావరకు చివరికి స్తుతి వైపు తిరుగుతాయి. ఇది తిరగదు. 'చీకటియే నాకు బంధువర్గమాయెను' అని అక్కడితో ముగిసిపోతుంది. పరామర్శకు వచ్చిన బంధువులందరూ వెళ్లిపోయాక ఇంట్లో మిగిలేది ఏమిటో ఆ రాసినాయనకు తెలుసు. అంత చీకటి మాటను కూడా దేవుని ప్రజలు కొట్టేయలేదు, ప్రార్థనగా దాచుకున్నారు. మూడో వారం 42కు వెళ్లండి. ఆనందం రాలేదే అని రోజూ కొలుచుకోకండి.

నా సంగతి ఒకటి చెప్తాను. మా అమ్మ పోయాక చాలా నెలలు నాకు పరలోక ప్రార్థన తప్ప ఏదీ వచ్చేది కాదు. అదీ 'నీ చిత్తము నెరవేరును గాక' అన్న మాట దగ్గర ఆగిపోయేది. ఆమె అంత బాధపడి పోయాక ఆ మాట ఎలా అనను? ఒక పెద్దవయసు పాస్టరు గారికి చెప్పుకుంటే ఆయన వాదించలేదు. 'అక్కడిదాకా చెప్పి ఆపేయమ్మా, మిగతాది ఆదివారం మేమందరం నీ తరఫున చెప్తాంలే' అన్నారు. ఆదివారాలు నోరు మూసుకుని నిలబడి, చుట్టూ ఉన్నవాళ్ల గొంతుల్లో ఆ మాట వినేదాన్ని. ఏడెనిమిది నెలలకు ఒక రోజు నా నోటి వెంట కూడా వచ్చింది. మీరు పాటలు నేర్పుతున్న ఆ పిల్లల గొంతులు కూడా మీ తరఫున పాడుతున్నవే అనుకోండి. నటిస్తున్నానని బాధపడకండి.

అత్తయ్య గారి విషయం. ఆమె మాట మిమ్మల్ని కోసేస్తోంది, అది ఊరుకోవాల్సిన మాట కాదు. అయితే ఆమె కన్నకొడుకును పోగొట్టుకుంది, నింద ఎక్కడ దించుకోవాలో తెలియక దగ్గరున్న మీ మీద దించుతోంది. ప్రార్థన అయ్యాక కాదు, పగలు వంటింట్లో తీరిగ్గా ఉన్నప్పుడు చెప్పండి: 'అత్తయ్యా, మీరు ప్రార్థన చేయండి, నేను కూర్చుని వింటాను. కానీ నా ప్రార్థన వల్లే ఆయన పోయారన్న మాట మాత్రం ఇక అనకండి. మోయలేకపోతున్నాను.' గొంతు పెంచకుండా, అంతే చెప్పి ఆగండి. ఆ తర్వాత కుటుంబ ప్రార్థనలో ఇద్దరూ కలిసి రూతు గ్రంథం చదవండి. నాలుగే అధ్యాయాలు, నాలుగు సాయంత్రాలు. 'నీ జనమే నా జనము' అన్న మాట పెళ్లిళ్లలో వినీ వినీ మనకు అది పెళ్లి వాక్యం అయిపోయింది. నిజానికి భర్త పోయిన కోడలు, భర్తనూ కొడుకులనూ పోగొట్టుకున్న అత్తతో దారి మధ్యలో అన్న మాట అది. ఆ అత్త నయోమి ఊరి ఆడవాళ్ల ముందే 'సర్వశక్తుడు నాకు చాలా దుఃఖము కలుగజేసెను' అంటుంది, తనను మారా, అంటే చేదు, అని పిలవమంటుంది. తప్పు, అలా అనకూడదని ఆ పుస్తకంలో ఎవరూ ఆమెను గద్దించరు. ఆ వచనం అత్తయ్య గారినే చదవనివ్వండి.

ఆ జిప్పు కవరు మాత్రం ఒక్కరే తీయకండి. అబ్బాయి సెలవులకు వచ్చినప్పుడు వాణ్ని బీరువా మీంచి దింపమనండి. తీశాక చీటీని పారేయొద్దు, వేరే చోట పెట్టొద్దు. ఉన్న పుటలోనే ఉండనివ్వండి, 14వ వచనం వాణ్నే చదివి వినిపించమనండి. ఈలోగా డాక్టర్ దగ్గరికి వెళ్లారో లేదో నాకొక్క ముక్క రాయండి.