తాళం వేసిన నగరం

తమ్ముడూ,

నీ నవల ఆరు అధ్యాయాలూ నిన్న రాత్రి ఒక్క బిగిన చదివాను. ఏడో శతాబ్దపు చైనా న్యాయాధికారి దీ రెన్‌జియే అంటే నీకెంత ఇష్టమో ప్రతి పేజీలో తెలుస్తోంది. తెలుగులో పాత చైనాను ఇంత శ్రద్ధగా పట్టుకున్నవాళ్ళు తక్కువ. అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నాను.

ముందు చిన్న తప్పులు. నీ కథ 676లో, తాంగ్ వంశం కాలంలో జరుగుతోంది. ఆ రోజుల్లో మగవాళ్ళు ముందు తల గొరిగించుకుని వెనక జడ వేసుకోరు. అది 1644 తర్వాత మంచూ పాలకులు తెచ్చిపెట్టిన అలవాటు. నీ బంట్రోతు తినే నూడుల్స్‌లో మిరపకారం కూడా తీసెయ్యి. మిరప అమెరికా నుంచి అక్కడికి చేరడానికి ఇంకా తొమ్మిది వందల ఏళ్ళుంది. నా మొదటి చారిత్రక కథలో నేనూ ఇదే పొరపాటు చేశాను. కాకతీయుల నాటి వంటింట్లో ఎండుమిరపకాయలు వేయించాను. మిరప మన దేశానికి పోర్చుగీసువాళ్ళతో వచ్చిందని ఒక రిటైర్డ్ మాస్టారు పోస్టుకార్డు రాశారు. ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గరుంది.

రెండో అధ్యాయంలో దీ రెన్‌జియే శవపరీక్ష పుస్తకం తిరగేస్తాడని రాశావు. సోంగ్ త్సు అనే న్యాయాధికారి ఆ పుస్తకం రాసింది 1247లో. నీ కథానాయకుడు పోయిన ఐదు వందల ఏళ్ళ పైమాటకి! దాని బదులు అంతకుముందే ఉన్న తెలివిని వాడుకో. మూడు రాజ్యాల కాలం, అంటే మూడో శతాబ్దం నాటి కథ ఒకటుంది. భర్తను చంపి, ఇల్లు తగలబెట్టి, మంటల్లో పోయాడని ఏడ్చింది ఒక భార్య. అధికారి రెండు పందుల్ని తెప్పించాడు. ఒకదాన్ని ముందే చంపించి, రెండోదాన్ని బతికుండగానే మంటలో వేయించాడు. బతికుండగా కాలినదాని నోట్లో బూడిద ఉంది, చచ్చినదాని నోట్లో లేదు. భర్త నోరు తెరిచి చూస్తే బూడిద లేదు. ఇది నీ కథానాయకుడికి తెలిసి ఉండొచ్చు.

నాలుగో అధ్యాయం దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాను. అర్ధరాత్రి హంతకుడు రాజధాని చాంగాన్ నగరంలో ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి వెళ్ళి, చంపి, ఇంటికొచ్చి పడుకుంటాడు. అది కుదరదు. చాంగాన్‌లో వందకు పైగా వాడలు, ప్రతి వాడకూ చుట్టూ గోడ. సాయంత్రం డోలు మోగాక వాడ తలుపులు మూసేస్తారు. మళ్ళీ తెల్లవారి డోలు మోగేదాకా పెద్ద వీధుల్లో కనబడితే 20 దెబ్బలు. వాడ లోపల తిరగొచ్చు, గోడ దాటి రాకూడదు. ఇది చదివి నీకు కథ పాడైందని అనిపించవచ్చు. నాకైతే ఎగిరి గంతెయ్యాలనిపించింది. తాళం వేసిన గదిలో హత్య కోసం రచయితలు తల బద్దలు కొట్టుకుంటారు. నీకు చట్టమే నగరమంతా తాళం వేసి ఇచ్చింది. చంపినవాడు తెల్లారేదాకా ఆ వాడలోనే ఉండాలి. లేదా చట్టం ఇచ్చిన మినహాయింపుతో బయటపడాలి. రాచకార్యం, జబ్బు, పెళ్ళి, చావు ఉంటే అనుమతి పత్రంతో వెళ్ళనిచ్చేవాళ్ళు. మందులపెట్టెతో వెళ్ళిన వైద్యుడు ఒకడు నీ కథలో ఇప్పటికే ఉన్నాడు. అతని చేతిలో పత్రం ఎవరు రాసిచ్చారు?

ఇప్పుడు అసలు మాట. చివర్లో అందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి, ఇదిగో వీడే అని వేలెత్తి చూపించాలని నీ ప్లాన్ అని రాశావు. ఆ కాలంలో అక్కడితో కథ అయిపోదు, సగానికి వస్తుంది. సాక్ష్యం తిరుగులేనిదైతే ఒప్పుకోకపోయినా శిక్ష వెయ్యొచ్చని తాంగ్ చట్టంలో ఉంది. కానీ మామూలుగా నిందితుడు తన నోటితో ఒప్పుకోవాలి. దానికోసం కొట్టొచ్చు. ఆ కొట్టడానికీ లెక్కుంది: మూడు విడతలు మించకూడదు, అన్నీ కలిపి 200 దెబ్బలు దాటకూడదు. అయినా ఒప్పుకోకపోతే హామీ మీద వదిలేసి, ఫిర్యాదు చేసినవాణ్ణి కొట్టి అడగాలి. చనిపోయినవాడి బంధువులు ఫిర్యాదు చేస్తే మాత్రం వాళ్ళను కొట్టరు. ఆ దేశపు పాత నేరకథల్లో దోషి ఎవరో చాలాసార్లు ముందే తెలిసిపోతుంది. వాడి చేత న్యాయాధికారి ఎలా చెప్పిస్తాడన్నదే టెన్షన్.

సోంగ్ త్సు పుస్తకంలోనే ఉన్న కొడవళ్ళ కథ చూడు. దారి పక్కన శవం, ఒంటి మీద పదికి పైగా గాట్లు, వస్తువులు మాత్రం పోలేదు. దొంగకు ఇన్ని గాట్లు అవసరం లేదు, ఇది పగ అనుకున్నాడు అధికారి. భార్యను పిలిచి అడిగాడు. పగవాళ్ళెవరూ లేరు గానీ, మొన్న ఒకడు అప్పడిగితే ఇవ్వలేదంది. ఊళ్ళో కొడవళ్ళన్నీ తెప్పించి, డెబ్బై ఎనభై, ఎండలో పరిచి పెట్టించాడు. ఒక్కదాని మీద ఈగలు వాలాయి. అది అప్పడిగినవాడిది. అందరూ ఈగల గురించే చెప్పుకుంటారు. నాకు మాత్రం భార్యను అడిగిన ఆ ప్రశ్న ముఖ్యం. దారి చూపింది ఆ ప్రశ్నే. ఈగలు వాడి నోరు తెరిపించాయి, అంతే. నీ నవలలో దీ రెన్‌జియే ఇప్పటిదాకా ఎవరినీ అలాంటి ప్రశ్న అడగలేదు.

ఇంకోటి, నువ్వు వాడుకోని పెద్ద నిధి. 692లో దీ రెన్‌జియే మీదే రాజద్రోహం మోపారు. విచారించింది చక్రవర్తిని వూ జెతియన్ కాలంలో జనాన్ని వణికించిన అధికారి లాయ్ జున్‌చెన్. మొదటిసారి అడగ్గానే ఒప్పుకున్నవాళ్ళకు చావు తప్పే వీలుండేది. దీ రెన్‌జియే చెయ్యని నేరాన్ని వెంటనే ఒప్పుకున్నాడు. తర్వాత దుప్పటి గుడ్డ చింపి, దాని మీద జరిగిన అన్యాయం రాసి, మెత్త పెట్టి కుట్టిన కోటులో దాచాడు. ఎండలు వచ్చాయి, ఇంటికి పంపి లోపలి మెత్త తీయించండని కాపలావాళ్ళకు ఇచ్చాడు. కొడుకు ఆ గుడ్డ చూసి చక్రవర్తినికి చేర్చాడు. ప్రాణం దక్కింది, పదవి పోయింది. పెంగ్‌త్సె అనే చిన్న తాలూకాకు అధికారిగా పంపేశారు.

అక్కడ ఆ మనిషి మళ్ళీ న్యాయపీఠం మీద కూర్చున్నాడు తమ్ముడూ. ఒప్పుకోలు ఎలా పుడుతుందో తన ఒంటితో తెలుసుకుని వచ్చి, ఇంకొకడిని నిజం ఒప్పుకొమ్మని అడగాలి. ఆ మొదటి రోజు అతని గొంతు ఎలా ఉండి ఉంటుందో ఊహించు. నీ ఆరు అధ్యాయాలూ పారెయ్యక్కర్లేదు. చాంగాన్ న్యాయస్థానంలో ఉండగా అతను ఒక్క ఏడాదిలో 17,000 మంది వ్యవహారాలు తేల్చాడని, ఒక్కరూ అన్యాయం జరిగిందనలేదని చరిత్రకారులు రాశారు. ఆ ఒక్కరిని నువ్వు కల్పించు. 676లో 150 దెబ్బలకు ఒప్పుకుని, ఏ ఫిర్యాదూ చెయ్యకుండా శిక్ష అనుభవించినవాడు, పదహారేళ్ళ తర్వాత పెంగ్‌త్సె కచేరీ గుమ్మంలో నిలబడితే?

నాలుగో అధ్యాయం ముందు సరిచెయ్యి. ఆ తర్వాత ఈ గుమ్మం దగ్గర సీను ఒక్కటి రాసి పంపు, చేతిరాతయినా సరే. సంక్రాంతికి ఊరెళ్ళేలోపు అందితే రైల్లో చదువుతాను.

మీ అక్క