చీటీ డబ్బుతో కెమెరా కొంటానంటున్నారు

ప్రశ్న: మాది తిరుపతి. మావారికి నలభై నాలుగేళ్లు, మందుల షాపు ఉంది. ఆర్నెల్లుగా రాత్రి పన్నెండైనా ఫోన్‌లో లైకా కెమెరాలే చూస్తున్నారు. అదీ రీలు వేసే రకం, స్పెషల్ ఎడిషన్. పాప ఇంజినీరింగ్ ఫీజు కోసం కడుతున్న చీటీ నాకు చెప్పకుండా పాడేసి, ఆరు లక్షలు దానికోసం పక్కన పెట్టారని మొన్న తెలిసింది. అడిగితే ‘బంగారం లాంటిది, విలువ పెరుగుతుంది’ అంటారు. మా మామగారు ఒకప్పుడు గోవిందరాజస్వామి గుడి దగ్గర స్టూడియో నడిపేవారు. ఈయనకు పిచ్చి పట్టిందేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక సోదరి

జవాబు: పిచ్చేం లేదమ్మా. మామగారి స్టూడియో గురించి ఒక్క వాక్యం రాసి వదిలేశారు, నేను అక్కడే ఆగిపోయాను. గుండ్లు చేయించుకుని కొండ దిగిన కుటుంబం తెర ముందు వరసగా నిలబడుతుంది. తలకు గంధం పూసుకున్న పసివాడు ఏడుపు ఆపే క్షణం కోసం, మీట మీద వేలు ఆనించి కాచుకునే తండ్రిని మీవారు ఎన్నిసార్లు చూసి ఉంటారో!

ఆ కెమెరాలు మనసు లాగడంలో వింత లేదు. 2014లో వచ్చిన లైకా ఎం-ఎ సంగతే చూడండి. బ్యాటరీ లేదు, వెలుతురు కొలిచే మీటరూ లేదు. లివర్ తిప్పితే స్ప్రింగు బిగుస్తుంది, నొక్కితే గుడ్డ షట్టర్ టిక్కుమంటుంది. వెలుతురు అంచనా మన కంటిదే. రోజంతా బిల్లింగ్ కంప్యూటర్ ముందు కూర్చునే మనిషికి అదొక రుచి.

స్పెషల్ ఎడిషన్ కథ వేరు. 2022లో దాన్నే టైటానియం ఒంటితో 500 సెట్లు చేశారు. లోపలి యంత్రం మామూలుదే, ఫొటో పిసరంత కూడా మెరుగ్గా రాదు. పైగా విలువ నిలవాలంటే గీత పడకూడదు, అంటే రీలు వేయకుండా బీరువాలో దాచాలి. ఏళ్ల తరబడి వాడకపోతే గ్రీజు గట్టిపడుతుంది, లెన్సుకు బూజు పట్టొచ్చు. ఇక బంగారమంటారా, తిరుపతిలో ఏ నగల కొట్టుకెళ్లినా గంటలో డబ్బు చేతికొస్తుంది. ఫీజు గడువు ముంచుకొస్తే దీన్ని కొనేవాణ్ణి ఎక్కడని వెతుకుతారు?

చీటీ విషయంలో మాత్రం ఆయన్ని వెనకేసుకు రాను. దాచి చేయడం తప్పే. ఆ ఆరు లక్షలూ ఈ వారంలోనే ఇద్దరి పేరున ఎఫ్‌డీ వేయమనండి. పాప ముందు వద్దు, అత్తగారితో చెప్పించొద్దు. షాపు మూసి వచ్చి, భోంచేశాక మీరే చెప్పండి.

మామగారి కెమెరా ఏమైందని మరో రోజు అడగండి. అప్పట్లో చాలా స్టూడియోల్లో రెండు లెన్సుల యాషికా కెమెరాలు ఉండేవి. అటక మీదుంటే దింపించండి. దాని షట్టరుకూ బ్యాటరీ అక్కర్లేదు, అందులో వేసే ‘120’ రకం రీలు ఇప్పటికీ దొరుకుతుంది, రీలుకు 12 ఫొటోలు. పట్టేసి ఉంటే బాగుచేయించడానికి చెన్నై దాకా వెళ్లాల్సి రావొచ్చు, ఇద్దరూ కలిసే వెళ్లండి.

అటక మీద లేకపోతే, ఎప్పుడు, ఎవరికి అమ్మేశారో అడగండి. ఆ సంగతి ఆయన ఇంతవరకూ ఎవరితోనూ చెప్పుకోలేదేమోనని నా అనుమానం.