ఎలుకల మందు తిన్నా కుక్క హుషారుగా ఉందంటే

నిన్న గట్టు మీద బొరియ దగ్గర పొట్లం చించి తిన్నా, ఇవాళ గెంతుతోందంటే అది చాలా వరకు బ్రోమాడయోలోన్. మన డెల్టాలో దాళ్వాకి (రెండో పంట వరికి) నూకల్లో, నూనెలో కలిపి బొరియల్లో పెట్టేది ఎక్కువగా అదే.

హుషారుగా ఉంది కదా అని ఆగిపోకండి. అందరూ తప్పేది ఇక్కడే. ఈ మందు రక్తం గడ్డకట్టే గుణాన్ని చెడగొడుతుంది, కానీ 3 నుంచి 5 రోజుల దాకా పైకి ఏమీ కనబడదు. చిగుళ్లు పాలిపోయి, ఆయాసం వచ్చేసరికి లోపల రక్తం కారుతూ ఉంటుంది.

1. ఇవాళే పశువుల డాక్టరుకి చూపించండి. పొట్లం కాగితం, మిగిలిన నూకలు కవర్లో పట్టుకెళ్లండి. ఏ మందు పెట్టారో ఆ చేను రైతుని అడగండి, మొహమాటం వద్దు.

2. దీనికి విరుగుడు విటమిన్ కె1. మామూలుగా 3, 4 వారాలు వాడమంటారు. షాపులో కె3 ఇస్తే తీసుకోకండి, పని చేయదు. కోర్సు అయిన 48 నుంచి 72 గంటల్లో రక్తం గడ్డకట్టే పరీక్ష చేయించాలి. చాలామంది ఈ పరీక్ష దగ్గర వదిలేస్తారు.

3. ఉప్పునీళ్లు పోసి కక్కించకండి, అదే ఇంకో విషం.

నల్లటి పొడి, వెల్లుల్లి వాసన ఉంటే మాత్రం జింక్ ఫాస్ఫైడ్. దానికి విరుగుడు లేదు, గంటల్లోనే ముదురుతుంది. అన్నం, పాలు ఏవీ పెట్టకుండా, బండి అద్దాలు దించి వెంటనే బయల్దేరండి. కక్కితే ఆ వాసన మీరూ పీల్చకండి.