నచ్చిన నిర్ణయానికే కారణాలు ఎందుకు దొరుకుతాయి?

తెలివైనవారు, నిజాయతీపరులు కూడా ముందే తేల్చుకున్న విషయానికి తర్వాత కారణాలు వెతుక్కుంటారెందుకు, అలా వెతుక్కుంటున్నప్పుడే దాన్ని పట్టుకోగలమా అని మీరు అడిగారు. ఉద్యోగుల ఎంపిక సంఘాల్లో చాలాకాలంగా పనిచేస్తున్నాను కనుక, ఆ అనుభవంతోనే జవాబు రాస్తున్నాను.

మనిషి తనకు ఇష్టమైనదాన్నల్లా నమ్మలేడనీ, నిష్పాక్షికుడైన మరొకరిని కూడా ఒప్పించగల ఆధారాలు కూడగట్టుకోగలిగినంత మేరకే నమ్ముతాడనీ మనస్తత్వ శాస్త్రవేత్త జివా కుండా 1990లో వాదించారు. అలాగైతే తెలివి మనల్ని కాపాడదు, ఆధారాలు కూడగట్టడానికే ఎక్కువ ఉపయోగపడుతుందని నా అభిప్రాయం. పీటర్ డిట్టో, డేవిడ్ లోపెజ్ 1992లో ప్రచురించిన ప్రయోగంలో, లాలాజలంలో ముంచిన కాగితం రంగు మారకపోతే ఒక ఎంజైము లోపం ఉన్నట్టని కొందరికి, లేనట్టని మరికొందరికి చెప్పారు. కాగితం ఎవరికీ రంగు మారదు. చెడు ఫలితం వచ్చినవారు పరీక్ష ముగిసిందని ఒప్పుకోవడానికి ఎక్కువ సమయం తీసుకున్నారు, కాగితాన్ని మళ్ళీ ముంచి చూశారు. మంచి ఫలితం వచ్చినవారికి ఒక్కసారి చూస్తే సరిపోయింది.

ఎంపిక సంఘంలో నేను చూసేదీ ఇదే. నచ్చిన అభ్యర్థికి లేని అనుభవం 'చేరాక నేర్చుకోవచ్చు' అనిపించుకుంటుంది, నచ్చని అభ్యర్థి దగ్గరికి వచ్చేసరికి అదే అనుభవం తప్పనిసరి అవుతుంది. అలా అంటున్న సభ్యులెవరూ అబద్ధమాడటం లేదు, మనస్ఫూర్తిగానే అంటున్నారు (బయటివారు దీన్ని ఒక పట్టాన నమ్మరు). ఎరిక్ ఉల్మన్, జెఫ్రీ కోహెన్ 2005లో దీన్నే పరీక్షించారు. పోలీసు అధిపతి పదవికి పోటీపడిన పురుషుడికి చదువు ఉందని చెబితే, ఆ పదవికి చదువు మరింత ముఖ్యమని తేల్చారు. అభ్యర్థులను చూడకముందే ప్రమాణాలకు కట్టుబడినవారిలో పురుషుడివైపు మొగ్గే ఆ వివక్ష కనిపించలేదు.

'నిష్పాక్షికంగా ఉండండి' అని హెచ్చరించడం వల్ల పెద్దగా ప్రయోజనం లేదు. చార్లెస్ లార్డ్ బృందం 1984లో చూపినట్టు, తాము చదువుతున్న అధ్యయనం వ్యతిరేక ఫలితం ఇచ్చి ఉంటే దాని పద్ధతిని ఇలాగే మెచ్చుకునేవారా అని పాల్గొన్నవారిని ఆలోచించమన్నప్పుడు మాత్రం పక్షపాతం తగ్గింది.

మా సంఘంలో ఇప్పుడు దరఖాస్తులు తెరవకముందే ప్రమాణాలనూ, వాటికిచ్చే మార్కులనూ రాసి అందరం సంతకాలు చేస్తాం. మధ్యలో మార్చాలనుకున్నవారు కారణం రాసివ్వాలి. వాదోపవాదాలు తగ్గలేదు కానీ, అవి అభ్యర్థుల పేర్లు తెలియకముందే ముగుస్తున్నాయి. సంస్థలోనే పనిచేస్తున్నవారు పోటీలో ఉంటే మాత్రం ఈ పద్ధతి చాలదు. వారిని మనసులో పెట్టుకునే ప్రమాణాలు రాసే వీలుంది కనుక, ఆ పనిని వారితో పరిచయం లేని విభాగానికి అప్పగిస్తాం.