అమ్మడూ, ఆ సీలింగు దగ్గర తొందరపడకు

అమ్మడూ,

అమ్మమ్మ ఇంటి పడమటి గదిలో మరకపడి కడుపు దిగిన సీలింగు నువ్వే బాగుచేస్తానన్నావట, మీ అమ్మ రాత్రి ఫోన్లో చెప్పింది. హైదరాబాదులో కంప్యూటరు ముందు కూర్చునే పిల్ల తాపీ పట్టుకుంటానంటే మీ మావయ్యకి గర్వంగానే ఉంది. నిద్ర మాత్రం పట్టలేదు. ఫోన్లో చెబితే సగమే వింటావు కాబట్టి రాస్తున్నాను.

ముందు ఆ గదిలో మంచం తీయించు. ఇవాళే. ఫ్యాను విప్పించి, ఆ గదికి కరెంటు ఆపించి, తలుపుకి తాళం వెయ్యి.

తర్వాత పెంకులు. మరక ఉన్నచోటే పైన పెంకు పగిలి ఉంటుందనుకోకు. నీళ్ళు వాసం వెంట జారి ఎక్కడో దిగుతాయి. రెండు వాలులూ కలిసే కొప్పు దగ్గరా, కొబ్బరి మట్టలు పడేవైపూ చూడు. పెంకులు మార్పించాక ఒక గట్టి వాన చూసి, అటక మీద చెయ్యిపెట్టి పొడిగా ఉందో లేదో తెలుసుకో.

ఆ సీలింగు మీ ముత్తాత దొరల బంగళాలు చూసి ముచ్చటపడి చేయించింది. అడ్డదూలాలకి కింద సన్న చెక్క బద్దలు వరసగా కొట్టారు. బద్దకీ బద్దకీ మధ్య పెన్సిలు పట్టేంత సందు. గానుగ సున్నాన్ని ఆ సందుల్లోకి నొక్కితే అవతల పొంగి, బద్ద మీదకి వంగి బిగుసుకుంటుంది. సీలింగు బరువంతా ఆ వంపుల మీదే. బాగా నానితే అవి విరుగుతాయి. కిందనుంచి చూసేవాడికి మాత్రం ఓ మరక, కాస్త కడుపు దిగినట్టు ఉండటం, అంతే. అరచేత్తో మెల్లగా పైకి నొక్కు. కదిలిందా, అక్కడ పట్టు పోయింది.

1996 నవంబరు 6 రాత్రి తుఫాను గురించి నీకు కొబ్బరిచెట్ల కథే చెప్పి ఉంటారు. ఆ రాత్రి మనింటి పెంకులు సగం లేచిపోయాయి. పడమటి గది సీలింగు నాని జానెడు కిందకి దిగింది. మాఘంలో మీ అమ్మ పెళ్ళి. మగపెళ్ళివారు చూస్తే బాగుండదని మీ తాతయ్యకి ఒకటే కంగారు. మేస్త్రి ఒకాయన్ని పిలిచాడు. ఆయన సరుగుడు బాదులతో సీలింగుని పైకి ఎత్తి, మేకులు కొట్టి, మీద సిమెంటు పూసి, వెల్ల వేశాడు. నేనప్పటికే వర్క్ ఇన్‌స్పెక్టరుని. తడి ఆరలేదు నాన్నా, సున్నం మీద సిమెంటు నిలవదు అన్నాను. "నీ గవర్నమెంటు లెక్కలు నీ ఆఫీసులో చూసుకో" అన్నాడు. అందరూ మెచ్చుకున్నారు. అద్దంలా ఉందన్నారు.

ఆషాఢానికి మీ అమ్మ పుట్టింటికి వచ్చింది. ఆ గదిలోనే పడక. లోపల చిక్కుకున్న తడికి మేకులు తుప్పుపట్టి ఉన్నాయి, పైన సిమెంటు అదనపు బరువు. ఒకరోజు రాత్రి కరెంటు పోయింది. ఉక్కపోస్తోందని మీ అమ్మ చాప తీసుకుని వీధి అరుగు మీదకి పోయింది. తెల్లవారుజామున చప్పుడైంది. వెళ్ళి చూస్తే నవారు మంచం పట్టె విరిగి ఉంది, దిండు మీద నా అరచేతంత మందాన సిమెంటూ సున్నమూ కలిసిన పెళ్ళ. పాత సున్నప్పూత చదరపు మీటరుకి సుమారు 40 కిలోలు తూగుతుందమ్మా. మీ తాతయ్య ఆ దిండు చేత్తో పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాడు. ఆయన్ని తిట్టుకోకు. పెళ్ళి ఇంటి పెద్దకి ఉండే టెన్షన్ అది.

ఇక నీ పని. కడుపు దిగినచోట ముందు ప్లైవుడ్ పలక ఆనించి, కింద బాదులు నిలబెట్టు. పట్టు పోయిన పూతని కోసి తీయాలి. సుత్తీ ఉలీ పెట్టి బాదితే ఆ అదురుకి పక్కన బాగున్నది కూడా ఊడుతుంది. కాస్తే కదిలే చోట, పెద్ద వాషర్లు వేసి స్టెయిన్‌లెస్ స్క్రూలతో బద్దకి బిగిస్తే నిలుస్తుంది. మామూలు ఇనప మేకులూ, చికెన్ మెష్ అనే సన్న ఇనప వలా మన ఉప్పుగాలికి నిలవవు. ప్రతి బద్దనీ స్క్రూడ్రైవరుతో గుచ్చి చూడు, మెత్తగా దిగితే మార్చెయ్యి. చెద కూడా చూడు.

పూతకి సున్నం ఒక పాలు, ఇసుక మూడు పాళ్ళు. ఇసుక గోదావరిదే కావాలి, సముద్రం ఒడ్డుది ఉచితంగా ఇస్తానన్నా వద్దు. మొదటి పూతలో జనపనార అంగుళం ముక్కలుగా తరిగి కలుపు. కొబ్బరి పీచు ఊరంతా ఉంది గానీ బిరుసు, నాకు నచ్చదు. బద్దలు తడిపి పూసి, మీద గీతలు గియ్యి. అది గట్టిపడ్డాకే రెండోది, ఆఖర్న సన్నపూత. సున్నం గాలి తగిలి గట్టిపడుతుంది కాబట్టి వానాకాలంలో ఆలస్యం, వడగాల్లో పూస్తే నెర్రెలు. సంక్రాంతి వెళ్ళాక మొదలుపెడితే మంచిది.

కళ్ళని మూసి ఉంచే గాగుల్స్ లేకుండా తల పైకెత్తకు. సున్నం కంట్లో పడితే నలపకు, నీళ్ళతో కడుగుతూనే ఉండి డాక్టరు దగ్గరికి పరిగెత్తు.

పెంకుల పని నువ్వు కానియ్యి. బాదులు నిలబెట్టే రోజుకి నేనొస్తాను. మోకాళ్ళు నొప్పులని మీ అత్తయ్య గొడవ చేస్తుంది, చెయ్యనీ. నేను నిచ్చెన ఎక్కనులే, కింద కుర్చీ వేసుకుని నీ తప్పులు పడతాను. నువ్వు మాత్రం చున్నీ తీసి పక్కన పెట్టి ఎక్కు.

మీ మావయ్య