చిన్నప్పుడు మీరు చేసిన తెలివైన తుంటరి పని ఏమిటి?

తెలివి అంటే సగం వరకే నాది, మిగతా సగం మా తమ్ముడు మంటగలిపాడు.

నాకప్పుడు పదేళ్ళు. మాది చిన్న ఊరు, ఒక్కటే సినిమా హాలు. రీలు తెగినప్పుడల్లా ఆపరేటర్ కత్తిరించి పారేసే ముక్కల కోసం హాలు వెనక కాపు కాసేవాళ్ళం. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే హీరో గోరంత కనిపించేవాడు. వాణ్ణి మనిషంత చేసి గోడకెక్కించాలని నా పంతం.

కావలసిందల్లా అద్దం, చీకటి గది, నీళ్ళు నింపిన బల్బు. బల్బు అడుగునున్న నల్లటి ముద్దని మేకుతో పొడిచి తీసి, లోపలి గాజు కాడ విరగ్గొట్టి, తీగలూ పెంకులూ దులిపేసి నీళ్ళు పోస్తే భూతద్దం తయారు. (మీ పిల్లల చేత చేయించకండి, నా వేలి మీద మచ్చ ఇంకా ఉంది.) మొదటి బల్బు పగిలింది, రెండోది నిలబడింది. తమ్ముడు బయట ఎండలో అద్దం పట్టుకుంటే ఆ వెలుగు తలుపు కంతలోంచి వచ్చి ఫిల్ము మీద పడి, బల్బులోంచి దూరి, ఎదురుగా కట్టిన దుప్పటి మీద బొమ్మ వేయాలి. టికెట్ ఒక పెన్సిల్ ముక్క. తొమ్మిదిమంది వచ్చారు.

మొదటి బొమ్మ తలకిందులుగా పడింది. పెన్సిళ్ళు ఇచ్చెయ్యమని గోల. "ఫైటింగ్ సీన్ రా, విలన్ వేలాడదీశాడు" అన్నాను. "మరి వెనకాల చెట్టునెవరు వేలాడదీశారు?" అన్నాడొకడు. ఇలాంటివాళ్ళకి టికెట్టే ఇవ్వకూడదు. చివరికి ఫిల్మునే తలకిందులుగా పెడితే హీరో కాళ్ళ మీద నిలబడ్డాడు. హాల్లో సెకనుకి 24 బొమ్మలు తిరుగుతాయి, మా దగ్గర ఒక్క బొమ్మే పది నిమిషాలు ఆడింది.

రెండో ముక్కని హడావిడిలో బల్బుకి అవతల, దుప్పటి వైపు పట్టుకున్నాను. నీటి గోళం ఎండనంతా తన వెనక, దాదాపు తన సగం వెడల్పంత దూరంలో ఒక చుక్కగా పోగుచేస్తుంది. సరిగ్గా ఆ చుక్కలో హీరో మీసం ఉంది. సన్నటి పొగ, కంపు, మీసం పోయి కంత మిగిలింది. జనం చప్పట్లు కొట్టారు, అదీ సినిమాలో భాగమే అనుకున్నారు పాపం.

ఇక తమ్ముడు. ఆకాశంలో సూర్యుడు తన వెడల్పంత జరగడానికి రెండే నిమిషాలు పడుతుంది, అందుకని అద్దాన్ని కొంచెం కొంచెం తిప్పుతూ ఉండాలి. వాడికంత ఓపికేదీ? కాసేపటికి వెలుగు పక్కింటి వరండాలో పడుకున్న లెక్కల మాస్టారి మొహం మీద నాట్యమాడింది. ఆయన లేచి "ఎవడ్రా అది!" అంటూ వస్తుంటే మావాడు అద్దం వీపు వెనక దాచుకుని, అడక్కుండానే లోపలికి వేలు చూపించాడు. తలుపు బార్లా తెరుచుకుంది, ఆట ముగిసింది.

రాత్రి నాన్న బాత్రూంలోకి వెళ్ళారు. స్విచ్ టక్కుమంది. మళ్ళీ టక్కుమంది.

"కరెంటు పోయిందా?"

"ఉందిగా!" అంది అమ్మ వంటింట్లోంచి.

నేను తమ్ముడి వైపు గుడ్లురిమి చూశాను. వాడు గొంతెత్తి అన్నాడు: "కరెంటు ఉంది నాన్నా, బల్బులోనే నీళ్ళున్నాయి."