ఆంక్షకు కొలత ఉంటుంది

సందేహం: మాస్టారూ, ఇల్లు సర్దుతుంటే 2021 నాటి నోటీసు ఒకటి దొరికింది. కరోనా రెండో వేవ్‌లో మా వీధి మొగదల అతికించింది. ‘సభలు, ఊరేగింపులు, ధర్నాలపై ఆంక్షలు విధించడమైనది. ఎట్టి కార్యక్రమమునకూ అనుమతి లేదు. ఐదుగురికి మించి గుమికూడరాదు’ అని ఉంది. ఆంక్ష అన్నా నిషేధమన్నా ఒకటేనని మా బావ అంటాడు. అనుమతే లేనప్పుడు అది ఆంక్ష ఎట్లా అవుతుందని నేనంటాను. ఇంకొకటి. ఆ రోజుల్లోనే పేపర్లో ‘ఐసోలేషన్ సెంటర్ వద్ద ఆందోళన’ అని చూసి, లోపలున్నవాళ్లకు భయం పట్టుకుందేమోనని మా అమ్మ కంగారుపడింది. తీరా చదివితే భోజనం బాగాలేదని ధర్నా. ఈ మాటల సంగతి కాస్త చెప్పండి. (కందుకూరు నుంచి ఒక పాఠకుడు)

సమాధానం: మీ అమ్మగారి నుంచే మొదలుపెడతాను. ఆవిడ చదవడంలో తప్పేమీ లేదు. సంస్కృతంలో ఆందోళనం అంటే ఊగడం. పల్లకిని ఆందోళిక అన్నది అందుకే. మనసు ఊగితే కంగారు, ఇప్పటి మాటలో టెన్షన్. జనం ఊగితే ఉద్యమం. మన తెలుగులో రెండు అర్థాలూ బతికే ఉన్నాయి. మాట్లాడేటప్పుడు తికమక రాదు, క్రియ వచ్చి కాపాడుతుంది. ఆందోళన పడ్డారు, చెందారు అంటే భయం. ఆందోళనకు దిగారు, విరమించారు అంటే ధర్నా. హెడ్డింగు పెట్టేవాళ్లు చోటు చాలక ఆ క్రియనే కోసేస్తారు. ‘ప్రజల్లో ఆందోళన’ అంటే గుండెల్లో, ‘ప్రజల ఆందోళన’ అంటే రోడ్డు మీద అని ఒక గీత గీయొచ్చు గానీ, ఒక్క ‘ల్లో’ మీద అంత బరువు మోపడం నాకిష్టం లేదు. ధర్నా అని రాస్తే పోయేది. నిరసన అన్నా సరే. దాని పాత అర్థం తిరస్కారం, చీదరింపు. ఇప్పుడా ఘాటు తగ్గి, ఒప్పుకోమని చెప్పడం దాకా వచ్చింది.

ఇక మీకూ మీ బావగారికీ మధ్య తగవు. ఆంక్ష చూడ్డానికి సంస్కృతంలా ఉంటుంది. సంస్కృతంలో ఉన్నది ఆకాంక్ష, అంటే కోరిక. దానికీ దీనికీ అర్థంలో పొత్తు లేదు. పాత తెలుగులో ‘ఆఁక’ అని ఒక మాట ఉంది. ఆఁగు అనే క్రియ నుంచి వచ్చింది. అడ్డు, ఆపు అని అర్థం. మన ఆంక్షకు దగ్గరి చుట్టం ఈ ఆఁకేనని నా అభిప్రాయం. పుట్టుక ఏదైనా, వాడుకలో దాని నడక చూడండి. ఆంక్ష ఒంటరిగా రావడం తక్కువ, ఎక్కువగా ‘ఆంక్షలు’ అనే అంటాం. నిషేధం మామూలుగా ఒక్కటే, ‘నిషేధాలు’ అనడం అరుదు. ఆంక్షలు ఎందుకు బహువచనమంటే, అవి లెక్కపెట్టేవి కాబట్టి. ఎంతమంది, ఎక్కడ, ఏ వేళ నుంచి ఏ వేళ దాకా, ఎన్నాళ్లు అని. నిషేధానికి ఆ లెక్కలు అక్కర్లేదు. ఇంకో పరీక్ష ఉంది. ‘ఆంక్షలు సడలించారు’ అంటే చెవికి హాయిగా ఉంటుంది. సడలడం తాడు గుణం. గోడ సడలదు, ఉంటే ఉంటుంది, లేకపోతే కూలుతుంది. నిషేధాన్ని సడలించారని ఎవరైనా రాస్తే, ఆ క్షణాన అది నిషేధం కాకుండా పోయి ఆంక్ష అయిందన్నమాట.

మీ నోటీసు కాలాన్నే తీసుకోండి. 2021 మే 5 నుంచి రాష్ట్రంలో మధ్యాహ్నం 12 గంటల నుంచి మర్నాడు ఉదయం 6 దాకా కర్ఫ్యూ. పొద్దున ఆరు గంటలు బజారుకు వదిలారు. ఇది ఆంక్ష. పెళ్లికి ఇంతమందే రావాలన్నారు. అదీ ఆంక్షే. ధర్నా దగ్గరికొచ్చేసరికి అంకె మాయమై ‘అనుమతి లేదు’ మిగిలింది. అది నిషేధం. పైన ఆంక్షలు అని రాసి, కింద నిషేధం పెట్టారు. మాట విషయంలో మీరే గెలిచారు.

అయితే మీ బావగారికీ ఒక పాయింటు దక్కుతుంది. నెల్లూరులో నాకు తెలిసిన వకీలొకాయన ఇది విని నవ్వాడు. 1959 డిసెంబరులోనే, రాగి వ్యాపారం మీద వచ్చిన నరేంద్రకుమార్ కేసులో, పూర్తి నిషేధం కూడా ఒక్కోసారి ఆంక్ష కిందికే వస్తుందని సుప్రీంకోర్టు చెప్పిందట. వెతికి చూస్తే నిజమే. కాకపోతే అదే తీర్పులో, అడ్డు ఎంత పెద్దదైతే దాన్ని అంత గట్టిగా పరీక్షించాలని కూడా ఉంది. ఆ సగం ఆయన చెప్పలేదు, వకీళ్లు అంతే.

రాజ్యాంగం 19వ అధికరణంలో ఆయుధాలు లేకుండా శాంతియుతంగా గుమికూడే హక్కు ఉంది. దాని మీద ‘సహేతుకమైన’ ఆంక్షలు పెట్టొచ్చని మూడో ఖండం చెబుతుంది. కారణాలుగా చెప్పినవి దేశ సార్వభౌమత్వం, సమగ్రత, శాంతిభద్రతలు. ఆరోగ్యం అనే మాట అక్కడ లేదు. మత స్వేచ్ఛ గురించిన 25వ అధికరణంలో మాత్రం ఆ మాట కనిపిస్తుంది. అంటే రోగమొచ్చినా సభ ఆపకూడదని కాదు. బొంబాయి ప్లేగు కోసం చేసిన 1897 నాటి అంటువ్యాధుల చట్టం ఉంది, 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ఉంది, అప్పటికి 144 సెక్షన్ ఉండనే ఉంది. పైగా రాష్ట్రంలో మొదటి కేసు 2020 మార్చిలో బయటపడింది మన నెల్లూరులోనే. ఆ భయం నేనూ పడ్డవాణ్ణే. ఆ వేళ నన్నెవరైనా ధర్నాకు పిలిస్తే వెళ్లేవాణ్ణి కాను. నా అభ్యంతరం అడ్డు మీద కాదు, అడ్డుకు పెట్టిన పేరు మీద.

ఈ పేరు తగవు మీ ఊరు పేరుతో ఒకసారి హైకోర్టు దాకా వెళ్లింది. 2022 డిసెంబరు 28న, అప్పటికి నెల్లూరు జిల్లాలో ఉన్న కందుకూరులో, రోడ్డు మీది సభలో తొక్కిసలాట జరిగి 8 మంది పోయారు. నాలుగు రోజులకే గుంటూరులో చీరల పంపిణీ దగ్గర మరో ముగ్గురు. 2023 జనవరి 2న జీవో నంబర్ 1 వచ్చింది. రోడ్ల మీద సభలకు మామూలుగా అనుమతి ఉండదు, అరుదైన సందర్భాల్లోనే ఇస్తాం అని దాని సారం. ప్రతిపక్షాలు నిషేధం అన్నాయి. ప్రభుత్వం నిషేధం కాదు, నియంత్రణే అంది. ఆధారంగా చూపిన 1861 నాటి పోలీసు చట్టం 30వ సెక్షన్ కూడా నియంత్రించమనే చెబుతుంది. చివరికి 2023 మే 12న హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది. చచ్చిపోయిన 8 మంది నిజం, వాళ్ల ప్రాణాలు కాపాడే ఏర్పాటు కావాలన్నదీ నిజం. దానికి తగిన మాట నియంత్రణే. రాసినదాంట్లో మాత్రం ఆ మాటకు తగ్గ కొలత లేదు.

ఆంక్షకూ నిషేధానికీ తేడా చదువుకున్నవాళ్లే కనిపెట్టాలని లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద లేచారు. వేలంపాటలను అడ్డుకున్నారు. వాళ్లు దుకాణం టైము తగ్గించండి అనలేదు, బడికి దూరంగా పెట్టండి అనలేదు. వద్దు అంటే వద్దన్నారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా వచ్చింది సారా నిషేధం. అక్కడ జనారోగ్యం కోసం గుంపుగా రోడ్డెక్కినవాళ్లు ప్రజలే, నిషేధం అడిగినవాళ్లూ ప్రజలే. ఆ మాటను ఎవరి నోట ఎలా వాడాలో వాళ్లకు బాగా తెలుసు.

గుంపు అన్నాను కదా, ఒక చిన్న పిడకల వేట. అదే జనం గూడూరు నిమ్మకాయల మార్కెట్లో ఉంటే ‘రద్దీ’. గుడి దగ్గరైతే ‘భక్తజన సందోహం’. 2021 మేలో కృష్ణపట్నంలో ఆనందయ్య కరోనా మందు కోసం వేలమంది వస్తే ‘బారులు తీరారు’. కలెక్టరాఫీసు ముందు కూర్చుంటే ‘గుంపు’. వైరస్‌కు ఈ నిఘంటువు తెలియదు. నోటీసు రాసేవాళ్లకు మాత్రం బాగా తెలుసు.

ఆ నోటీసులో నన్ను అన్నిటికన్నా ఇబ్బంది పెట్టింది ‘విధించడమైనది’. ఎవరు విధించారు? ఆ వాక్యానికి కర్త లేడు. ఆఫీసు తెలుగులో ఇది పాత జబ్బు, ‘తెలియజేయడమైనది’, ‘తిరస్కరించడమైనది’ అంటూ. మామూలు ఉత్తరంలో అయితే నవ్వుకుని వదిలేయొచ్చు. హక్కును ఆపే కాగితంలో కర్త ఉండి తీరాలి. ఆ ఆర్డరు తప్పనుకున్నవాడు ఎవరి మీద కోర్టుకు వెళ్లాలి? గోడ మీదనా? నన్ను రాయమంటే ఇలా రాస్తాను: ‘ఫలానా తేదీ దాకా ధర్నాకు 50 మంది మించకూడదు. మైదానంలోనే కూర్చోవాలి. మనిషికీ మనిషికీ ఆరడుగుల ఎడం ఉండాలి, మాస్కు తప్పనిసరి. ముందురోజు స్టేషన్లో చెప్పండి. ఇట్లు, ఫలానా అధికారి.’ దీన్ని ఆంక్షలు అనొచ్చు. 2021 నవంబరులో అమరావతి రైతులు తిరుపతికి మన రెండు జిల్లాల మీదుగా నడిచింది కూడా కోర్టుకు వెళ్లి తెచ్చుకున్న ఇలాంటి షరతుల అనుమతితోనే.

‘సామాజిక దూరం’ బదులు పైన ఎడం అన్నాను, గమనించే ఉంటారు. మన ఊళ్లలో సామాజికంగా ఎవరిని ఎంత దూరం పెట్టారో తెలిసిన భాషకు ఆ మాట సరిపడదు.

మీరు అడగలేదు గానీ, నోటీసులోని ‘గుమికూడరాదు’ సంగతి కూడా చెప్పేస్తాను. పాత వ్యాకరణం లెక్కన క స్థానంలో గ వచ్చి గుమిగూడు అవుతుంది. వాడుకలో రెండూ ఉన్నాయి. అక్కడ మాత్రం నోటీసు తప్పేం లేదు.